పులిసిన పిండిలో గరిటె

జనవరి 9, మంగళవారం

మంగళవారం పడవలు సముద్రం మీదికి వెళ్ళవు. జాలర్లంతా ఒడ్డునే ఉంటారు. మా ఆవిడ అరబా కెంకే గంప, అంటే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దల గంప, మధ్యాహ్నానికల్లా ఖాళీ కావాలి. కాలేదు. పావు వంతు మిగిలి ఇంటికొచ్చింది. ఈ దుమ్ముగాలికి ఎవరికీ ఆకలి వెయ్యడం లేదులే అన్నాను. గాలికీ ఆకలికీ ఏం సంబంధమని ఇంకో రోజైతే నా మీద పడేది. ఇవాళ వేళ్ళ సందుల్లో గోక్కుంటూ కూర్చుంది.

క్రిస్మస్ వెళ్ళినప్పటి నుంచి ఇదే వరస. ముందు కుడిచెయ్యి, ఇప్పుడు రెండూ. చిన్న చిన్న నీటిపొక్కులు, చితికితే రసి కారడం. మిరపకాయలు నూరుతున్నావు కదా, అదే అన్నాను. పెళ్ళికి ముందు నుంచీ నూరుతున్నానంది. అయితే మిరపకాయలకి ఇన్నాళ్ళకి కోపం వచ్చిందన్నాను. నవ్వలేదు.

నా పనీ అంతంతమాత్రం. బ్యాండు వాయించే ఎబో తన ట్రాంబోన్ గొట్టాలు నికెల్ పూత వెయ్యమని పడేసి పోయాడు. చావుల్లో వాయించే బ్యాండు తెల్లగా మెరవకపోతే పోయినవాడు నొచ్చుకుంటాడట. పెరట్లో వెనిగర్ బేసిన్, బ్యాటరీ చార్జరు, నికెల్ పట్టీలు అన్నీ సిద్ధమే. కరెంటు ఒక్కటే ఉండదు. పూత మధ్యలో ఆగితే పొర లేస్తుంది. మళ్ళీ బూడిదేసి తోమి మొదటికి రావాలి. ఇవాళ రెండుసార్లు తోమాను. భుజాలు దిగిపోయాయి.

ఊళ్ళో నేను నోరు తెరిచేలోపే జనం నవ్వడానికి నోళ్ళు తెరుస్తారు. వాళ్ళ తప్పేం లేదు, నేను అలవాటు చేసిందే. ఓసారి ఎబో నిద్రపోతుంటే వాడి గుమ్మంలోనే వాడి బ్యాండు చేతే చావుపాట వాయింపించాను. ఏడుస్తూ బయటికొచ్చి ఎవరు పోయారని అడిగాడు. నువ్వే అన్నాను. ఈ పుస్తకంలో ఎవర్నీ నవ్వించక్కర్లేదు. అందుకే రాసుకుంటున్నాను.

ఈ నెలలో ఒకే ఒక్క మంచి సంగతి గరిటె. అరబా వాళ్ళమ్మది, పెద్ద ఇత్తడి గరిటె. పులిసిన మొక్కజొన్న పిండిలో పెడితే కిలుం పడుతుందని ఏళ్ళ తరబడి గోడకి తగిలించి, సొరబుర్ర చిప్పతోనే పిండి తోడుకునేది. క్రిస్మస్‌కి దాన్ని దొంగతనంగా తీసుకెళ్ళి నికెల్ పూత వేసి, పెట్టెలో పెట్టి ఇచ్చాను. ముందు పెట్టె తెరవనంది. పోయినసారి పెట్టెలోంచి బల్లి దూకింది, ఆ ముందుసారి ఇటుకరాయి. చివరికి తెరిచింది. గరిటెలో మొహం చూసుకుంది. ఇందులో వేళాకోళం ఏదీ అని అడిగింది. లేదన్నాను. ఏడ్చింది.

అప్పటి నుంచీ ఆ గరిటె పిండి తొట్టిలోనే ఉంటుంది. బయటికి తియ్యదు. ఒక్క చుక్క కిలుం లేదు.

జనవరి 12, శుక్రవారం

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సమ్మ చేతులు తిప్పి తిప్పి చూసింది. ఇది అంటుకునేది కాదు, రోజూ ముట్టుకునేదేదో ఈ ఒంటికి పడటం లేదు అంది. చవక చెవిపోగులా, వాచీ పట్టీయా, తెల్లగా మెరిసే లోహం ఏదైనా ఉందా అని అడిగింది. మా ఇంట్లో తెల్లగా మెరిసేవి నా పళ్ళే అన్నాను. నర్సమ్మ నవ్వేసింది. నవ్వాక ఆ సంగతి మళ్ళీ అడగలేదు. లేపనం రాసిచ్చి, కొన్నాళ్ళు పిండిలో చేతులు పెట్టొద్దంది.

దారిలో అరబా, నీ పెరట్లో చేసేది అదే కదా అంది. నా బేసిన్ నువ్వెప్పుడైనా ముట్టుకున్నావా అన్నాను. లేదంది. ముట్టుకోదు. ఆ వాసన తనకి గిట్టదు, పెరటి తలుపు దాటి రాదు. ఇది నిజం.

జనవరి 14, ఆదివారం

దురద. చర్చిలో పాటల పుస్తకం కూడా పట్టుకోలేకపోయింది.

జనవరి 18, గురువారం

చేపలు పొగబెట్టే ముసలావిడ మామె ఎసి మాకు పాత బేరం. అరబా వాళ్ళమ్మ దగ్గర కూడా కొన్నది. ఇవాళ అరబా కెంకే చేతికివ్వబోతే అందుకోలేదు. అక్కడ పెట్టమ్మా అంది. అరబా పెట్టింది. ముసలామె అరటాకు కొస పట్టుకుని తీసుకెళ్ళింది, చచ్చిన ఎలకని తోక పట్టుకుని తీసినట్టు.

పక్కనున్నవాళ్ళంతా చూశారు. ఏదో ఒకటి చెయ్యాలి కదా. గట్టిగా అందుకున్నాను. అవి పొక్కులు కాదర్రా, రోజూ నన్ను కొట్టీ కొట్టీ చేతులు అలా అయ్యాయి, నా వీపు చూస్తే మీకు అన్నం దిగదు అన్నాను. చొక్కా ఎత్తబోయాను కూడా. వలలు బాగుచేసుకునేవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇద్దరు కెంకే కొన్నారు కూడా.

ఇంటికొచ్చాక అరబా గంప దించి, "ఇంకెప్పుడూ నా చేతుల మీద నవ్వించకు" అంది. కోపంగా కాదు. అలసిపోయి అంది.

రేపటి నుంచి వాళ్ళ చెల్లెలు ఎఫువా వచ్చి ముద్దలు చేసిపెడుతుంది. అరబా పిండి ముట్టుకోదు, ఊరికే కూర్చుని అమ్ముతుంది. నర్సమ్మ చెప్పిందే కదా, నయమైపోతుంది.

జనవరి 23, మంగళవారం

నయం కాలేదు. పెరిగింది. ఇప్పుడు అరచేతులు కూడా పగిలాయి, మణికట్టు దాకా ఎర్రగా పాకింది.

ఎఫువా వచ్చినప్పటి నుంచీ అరబా తొట్టి దగ్గరికే వెళ్ళలేదు. నేనే కాపలా. అంటే ముట్టుకోవడం వల్ల వచ్చింది కాదన్నమాట. నర్సమ్మకి తెలీలేదు. ఎవరి తప్పూ కాదు. కొన్ని రోగాలు అలా వస్తాయి.

ఎవరి తప్పూ కాదు అని ఎఫువాతో కూడా అన్నాను. నువ్వు అడక్కుండానే ఎందుకు చెప్తున్నావు బావా అంది. దాని నోటికి తాళం లేదు. ఓసారి దాని గంపలో పీత వేసినప్పటి నుంచీ నా మీద కసి. దీని వెనక ఎవరి కన్నో ఉంది, అక్కని ప్రార్థన శిబిరానికి తీసుకెళ్ళాలంటుంది.

అమ్ముడుపోనివన్నీ మేమే తింటున్నాం. పొద్దున కెంకే, రాత్రికి కెంకే. అరబా అయితే మూడు పూటలా అదే. పారేయడానికి తనకి మనసొప్పదు.

జనవరి 24, బుధవారం

ఎబో గొట్టాల కోసం వచ్చాడు. మొన్న బేసిన్ కొత్తగా కలిపి, పట్టీలు దించి కరెంటు పెట్టాను. వాడు ముక్కు మూసుకుని వంగి చూశాడు. మొన్న తెల్లగా ఉన్న వెనిగర్ ఇప్పుడు పచ్చగా ఎందుకుందిరా, పాచి పట్టిందా అన్నాడు. పాచి కాదు, పట్టీలో నికెల్ అందులోకి దిగిందన్నాను. అది ఇనుపముక్క లాంటిది కదా, నీళ్ళలో ఎలా కరుగుతుందన్నాడు. ఉత్త నీళ్ళలో కరగదు, పులుపులో కరుగుతుందన్నాను. కరెంటు పెడితే గబగబా కరుగుతుంది, పెట్టకపోయినా నానబెట్టి వదిలేస్తే నెమ్మదిగా...

కరెంటు పోయింది. ఇవాళ్టికి ఇంతే.

జనవరి 25, గురువారం

రాయడానికి ఏమీ లేదు.

జనవరి 28, ఆదివారం

చర్చి నుంచి నేనొక్కణ్ణే ముందుగా వచ్చేశాను. కడుపునొప్పని చెప్పాను.

తొట్టి మూత తీసి గరిటె బయటికి లాగాను. కడిగాను. అంచు పసుప్పచ్చగా ఉంది. గుంట లోపల కూడా. పిండిలో ఎంతవరకు మునుగుతుందో అంతవరకు గీత గీసినట్టు కింద ఇత్తడి, పైన నికెల్. కాడ మీద చెయ్యి పట్టే చోట కూడా మచ్చలు మచ్చలుగా పోయింది.

తోమితే పోయుంటుంది. ఎఫువా ఇసుకేసి తోముతుంది.

అది తోమితే గరిటె అంతటా పూత పోవాలి. గీత దాకానే ఎందుకు పోతుంది.

గిన్నెడు పిండి తీసుకెళ్ళి పెరట్లో పెట్టాను. పూత వేసి ఉంచిన ఇత్తడి కుళాయి మరలు రెండు ఉన్నాయి. ఒకటి అందులో వేశాను, ఒకటి మంచినీళ్ళలో.

జనవరి 30, మంగళవారం

నీళ్ళలోది మెరుస్తోంది. పిండిలోది మసకబారింది, గోరుతో గీకితే మూలల్లో పసుపు కనిపిస్తోంది.

అంటే పూత అంతా ఎక్కడికి పోయిందో తెలిసింది. తొట్టిలోకి. తొట్టిలోంచి ముద్దల్లోకి. అరబా పిండి ముట్టుకోకపోయినా తింటూనే ఉంది. మూడు పూటలా. నేనూ తిన్నాను, నాకేం కాలేదు. ఊరంతా తిన్నది.

వేసింది నేనే. మంచికే వేశాను. కిలుం పట్టకూడదనే వేశాను.

గరిటె తీసి పెరట్లో పాత టైర్ల వెనక దాచాను. ఇంక పిండిలోకి ఏదీ దిగదు. కొత్త పిండి వస్తే పాతది పోతుంది. చేతులు మానతాయి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. గరిటె ఏమైందంటే, దాచాను అని నవ్వితే సరి. నా మీద ఆ మాత్రం నమ్మకం అందరికీ ఉంది.

జనవరి 31, బుధవారం

అరబా నవ్వింది.

గరిటె కనిపించడం లేదని ఎఫువా గోల పెడితే, అరబా సరాసరి నా దగ్గరికొచ్చింది. "తియ్యి" అంది. ఏది అన్నాను. నా మొహం చూసి అప్పుడు నవ్వింది. నెల రోజులైంది ఆ నవ్వు చూసి. పగిలిన చేతులతోనే నా జేబులు వెతికింది, మంచం కింద చూసింది, నా టోపీ ఎత్తి చూసింది. టోపీలో గరిటె ఏం పడుతుంది. అది తనకీ తెలుసు. ఆడుతోంది. ఈసారి బాగానే దాచావు, సాయంత్రానికల్లా దాని చోట్లో ఉండాలి అని వేలు చూపించి వెళ్ళింది.

నేనూ నవ్వాను. ఇంతకంటే బరువైన పని ఈమధ్య చెయ్యలేదు.

ఎఫువా సొరబుర్ర చిప్పతో తోడుకుంది. తొట్టి అదే. పాత పిండి కొంచెం ఉంచి దాని మీదే కొత్తది పులియబెడతారు, ఎప్పుడూ అంతే. అది నాకు తట్టలేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఇవాళ నవ్వలేదు.

గుమ్మంలో నిలబడి, అది మా అమ్మదని నీకు గుర్తుందా అని అడిగింది. ఉందన్నాను. ఇంట్లో ఉందా, అమ్మేశావా అంది. ఇత్తడికి మంచి ధర ఉందట కదా అని కూడా అంది. లేదు, ఇంట్లోనే ఉంది అన్నాను. అయితే ఇవ్వు. ఇస్తాను. ఎప్పుడు? ఇస్తాను.

తర్వాత అసలు మాట చెప్పింది. ఆదివారం చర్చి అయ్యాక తొట్టీ తెడ్డూ పొయ్యీ అన్నీ ఎఫువాకి ఇచ్చేస్తుందట. ఈ చేతులతో తను ఇచ్చేది ఎవరూ తినరు, తినకూడదు కూడా అంది. తను ప్రార్థన శిబిరానికి వెళ్ళిపోతుంది. ఎన్నాళ్ళో తెలీదు. అక్కడ ఉపవాసం ఉంచుతారు.

వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పని. నన్ను చేసుకునే ముందు నుంచీ చేస్తున్న పని.

వద్దన్నాను. ఎందుకు అంది. నాకు మాట దొరక్కపోవడం అరబా ఎప్పుడూ చూడలేదు. భయపడినట్టుంది. నీకేమైనా రోగమా అని అడిగింది.

ఫిబ్రవరి 3, శనివారం

ఎబో గొట్టాలు ఇచ్చేశాను. నోటికి తగిలే ముక్కకి మాత్రం పూత వెయ్యలేదు. ఎందుకురా అంటే, నీ ముద్దు అంత అందంగా ఉండదులే అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

ఇంకెవరికైనా అయితే ఇలా సగం చెప్పి తప్పించుకోవచ్చు.

ఫిబ్రవరి 4, ఆదివారం

చెప్పాను.

ఎఫువా బండి తెచ్చింది తొట్టి తీసుకెళ్ళడానికి. దాన్ని బయటే ఆగమన్నాను. తెడ్డు తుడుస్తున్న అరబా ముందు కూర్చుని మొదలుపెట్టాను. వెనిగర్, పట్టీలు, పులుపు, మరలు, అన్నీ వరసగా చెప్పాను. సరిగ్గా చెప్పలేదేమో, ముందూ వెనకా అయింది. తను తుడుస్తూనే వింది. నేను ఆపాక, తర్వాత ఏమైంది అని అడిగింది.

తర్వాత ఏమీ లేదన్నాను. ఇంకా చూస్తోంది. నా కథల చివర నవ్వించే తోక ఉంటుంది కదా. దాని కోసం చూస్తోంది. "తోక లేదు అరబా. ఇంతే" అన్నాను.

టైర్ల వెనక నుంచి గరిటె తెచ్చిచ్చాను. పసుప్పచ్చ గీత మీద వేలు పెట్టింది, వెంటనే తీసేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎంతమంది తిన్నారు?" అంది.

క్రిస్మస్ నుంచీ కొన్నవాళ్ళంతా అన్నాను.

లేచి, ఎఫువాని పిలిచి తొట్టి ఒక పక్క పట్టుకోమంది, నన్ను రెండోపక్క. తోట చివరికి మోసుకెళ్ళాం. గొయ్యి నన్నే తవ్వమంది. పందులు కూడా తినకూడదు, లోతుగా తవ్వు అంది. పిండి అంతా అందులో ఒంపించింది. వాళ్ళమ్మ నాటి నుంచి కొంచెం కొంచెం మిగిల్చి పులియబెడుతూ వచ్చిన పిండి అది. గొయ్యి పూడ్చేదాకా అక్కడే నిలబడింది. ఎఫువా విషయం తెలుసుకుని నన్ను బావా అని పిలవడం మానేసి, ఇతను అనడం మొదలుపెట్టింది.

చేతులు కడుక్కుంటుంటే అరబా అంది, మంగళవారం పడవలు వెళ్ళవు, అందరూ ఒడ్డునే ఉంటారు, చెప్పు అని.

నేనా? నేను చెప్తే ఎవరు నమ్ముతారు, నవ్వుతారు అన్నాను.

"నవ్వనీ. నవ్వడం అయ్యాక మళ్ళీ చెప్పు" అంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

గంప లేకుండా వెళ్ళాం. అరబా ముందు, నేను వెనక. ఎప్పుడూ కూర్చునే చోటే నిలబడింది. చేతులు గుడ్డలో దాచుకోలేదు.

గట్టిగా పిలిస్తే వలల దగ్గర వాళ్ళు, చేపల పొయ్యిల దగ్గర వాళ్ళు వచ్చారు. ఇవాళ ఏం తెచ్చాడో చూద్దామన్నట్టు వచ్చారు. చెప్పాను. నా గరిటె పూత కరిగి కెంకేలో కలిసింది, మీరంతా తిన్నారు, అరబా చేతులు అందుకే ఇలా అయ్యాయి అన్నాను. నవ్వులే నవ్వులు. ఎబో అయితే కూర్చుండిపోయి నవ్వాడు. అందుకేనా నా పళ్ళు మెరుస్తున్నాయి అన్నాడొకడు. నేనూ పూత తిన్నాగా, రేపటి నుంచి నన్ను కూడా కుళాయికి బిగించుకోండి అన్నాడు ఇంకొకడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి కొంచెం తక్కువ నవ్వారు. బాగా చెప్తున్నాడు, మొహం చూడండి అన్నారు. అరబా వైపు చూశాను. తను నా వైపు చూడటం లేదు, వాళ్ళనే చూస్తోంది.

మూడోసారి మొదలుపెట్టాను. సగంలో వలలు బాగుచేసే క్వెగిర్ అనే అతను, వెనకెక్కడో నిలబడ్డవాడు, మా ఆవిడకి క్రిస్మస్ నుంచీ మోచేతి మడతల్లో ఇలాంటివే వస్తున్నాయి అన్నాడు. మెల్లగా అన్నాడు. మీ కెంకే తప్ప ఇంకోటి తినదు అన్నాడు.

ఆ తర్వాత నవ్వలేదు. ఎబో లేచి నిలబడి ఇసుక దులుపుకున్నాడు. నా మొహం మీద ఏదో రాసున్నట్టు చదువుతున్నాడు. అరబా క్వెగిర్ దగ్గరికి వెళ్ళి, ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళమని, నర్సమ్మకి ఈ సంగతి చెప్పమని, తనూ వస్తానని అంది.

మామె ఎసి నన్ను తిట్టింది. మా నాన్నని, నా చార్జర్ని, నన్ను బళ్ళోంచి మధ్యలో వెళ్ళగొట్టిన మేస్టర్ని కలిపి తిట్టింది. ఒక్క మాట కూడా తప్పు లేదు. అలిసిపోయాక అరబాని అడిగింది, ఆ పిండి ఏం చేశావని. పాతేశానంది. మీ అమ్మ పిండేనా? అవును. ముసలామె తన పొయ్యి వైపు తిరుగుతూ, "నీ చేతులు మానాక కబురు చెయ్యి, అప్పుడు చూస్తా" అంది. కొంటానని అనలేదు. చూస్తానంది.

వచ్చేటప్పుడు కూడా అరబా ముందే నడిచింది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

నర్సమ్మ దగ్గరికి వెళ్ళాం. నవ్వించలేదు. అన్నీ చెప్పాను. నికెల్ పడని ఒంటికి తిన్నా పొక్కులొస్తాయంది. క్వెగిర్ భార్య కూడా వచ్చింది. కూర్చున్నంతసేపూ నా వైపు చూడలేదు. చూసినా నేనేం చేసేవాణ్ణి.

ఎఫువా వంట తెచ్చింది. నా పళ్ళెం విడిగా పెట్టింది.

ఫిబ్రవరి 20, మంగళవారం

అరబా శిబిరానికి వెళ్ళలేదు. తొట్టి ఎఫువాకి ఇవ్వలేదు. చిటికెన వేలు మీద చర్మం ఊడి కింద కొత్తది కనిపిస్తోంది. మిగతావి ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నాతో అవసరమైన మాటలే. నీళ్ళు పెట్టు. తలుపు వెయ్యి. ఉప్పు.

కొత్త మొక్కజొన్న నానబెట్టి, పిండి పట్టించి, ఏమీ కలపకుండా ఉత్తదే పులియబెట్టింది. ఎక్కువ రోజులు పట్టింది. పొద్దున మూత తీసి వాసన చూసింది. మా అమ్మ పిండి వాసన కాదు అంది. అని నన్ను పిలిచింది. ఎఫువా రాదట ఇవాళ, నువ్వు చెయ్యి అంది.

చేతులు చూపించాను, నల్లగా ఉన్నాయి. మూడుసార్లు కడిగించింది, గోళ్ళు తీయించింది. సగం ఉడికించిన పిండి, పచ్చిపిండి కలిపి మెదిపాను. వేడికి వేళ్ళు కాలాయి. ఇన్నేళ్ళుగా తను రోజూ చేతులు పెట్టే వేడి. నడుం పట్టేసింది. ముద్దలు ఒకటి గుమ్మడికాయంత, ఒకటి నిమ్మకాయంత వచ్చాయి. మామూలుగా అయితే వాటికి పేర్లు పెట్టేవాణ్ణి. ఒకటి పాస్టరుగారి పొట్ట, ఒకటి ఎబో తల. ఓపిక లేదు, పెట్టలేదు.

అరబా గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. గంప నిండదని ఇద్దరికీ తెలుసు. మామె ఎసికి కబురు చెయ్యలేదు, చేతులు మానలేదుగా.

ఆకులో చుట్టబోతుంటే ఆగమంది. లేచొచ్చి నా చేతిలో ముద్దని దగ్గర్నుంచి చూసింది.

"పెద్దదైంది. కొంచెం తియ్యి" అంది.

తీశాను.